అన్నదమ్ముల్లో 'ద' ఎక్కడినుంచి వచ్చింది?

పోస్టు పొడుగైంది, ముందే చెప్తున్నాం. పరీక్షల టైంల ఉన్నవాళ్ళు సేవ్ చేసుకొని తర్వాత చదువుకోండి, ఏం కోపం లేదు. కానీ డీఎస్సీకి, గురుకులం పోస్టులకు తెలుగు తోముతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం ఇప్పుడే చదవండి. రెండు సంధులు ఫ్రీగా వస్తాయి.

మేము ఐదుగురం ఒక్క రూములో ఉంటాం. నలుగురం గోండులం, ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు. ఒకడు భద్రాచలం అవతలి కోయ. మేము ఇంటిని 'రోన్' అంటాం, వాడు 'లోన్' అంటాడు. ఎవరిది కరెక్టు అని మొదటి ఏడాదంతా కొట్లాట. ఇప్పుడు ఆ కొట్లాట లేదు, ఎందుకు లేదో కింద వస్తుంది.

మాలో ఒకడికి 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' సినిమాల పిచ్చి. అందులో ఎల్ఫులని ఒక జాతి ఉంటుంది, వాళ్ళు మాట్లాడే భాష ఉత్తుత్తి గొణుగుడు అని మేమందరం అనుకునేవాళ్ళం. కాదంట. ఆ కథ రాసిన టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో భాషల ప్రొఫెసరు. 1892లో పుట్టి 1973లో పోయాడు. ఆ పుస్తకం 1954, 55లలో వచ్చింది గానీ, భాషలు కల్పించే పని ఆయన అంతకు చాలా ఏళ్ళ ముందే మొదలుపెట్టాడు. చిన్నప్పటినుంచీ అదే ఆయన రహస్య వ్యసనం. 1931లో దానిమీదనే ఒక ప్రసంగం చేశాడు, దాని పేరు కూడా దాదాపు అదే. ఆయన చేసిన వాటిలో పెద్దవి రెండు, క్వెన్యా, సిందారిన్. రెండూ ఒకే తల్లి భాషకు పిల్లలు అని ఊహించి, తల్లి నుంచి ఒక్కో ధ్వని ఎట్ల మారుతూ వచ్చిందో నియమాలు రాసుకుంటూ పోయాడు. ఫిన్నిష్ మీది ఇష్టంతో క్వెన్యా, వెల్ష్ మీది ఇష్టంతో సిందారిన్.

వాడు సిందారిన్ హల్లుల మార్పుల పట్టిక ఒకటి కాగితం మీద రాసి గోడకు అంటించాడు. ఆ పక్కనే, డీఎస్సీకి చదువుతున్న ఇంకొకడు, గసడదవాదేశ సంధి, సరళాదేశ సంధి పట్టికలు అంటించి ఉన్నాడు. నెల రోజులు అవి అట్లనే పక్కపక్కన ఉన్నాయి, ఎవ్వరం పట్టించుకోలేదు. ఒక ఆదివారం కరెంటు పోయి, ఫోన్లు చచ్చి, చేయడానికి పనేం లేక గోడ దిక్కు చూస్తూ కూర్చున్నప్పుడు కోయ తమ్ముడు అన్నాడు, "దాదా, ఈ రెండూ ఒక్కటే కదా."

తెలుగు సంధి ముందు చూద్దాం. క చ ట త ప లను పరుషాలు అంటారు. గ జ డ ద బ లు సరళాలు. ద్రుతం, అంటే చివర్న నకారం, ఉన్న మాట తర్వాత పరుషం వస్తే అది సరళం అవుతుంది. పూచెను, కలువలు కలిస్తే పూచెను గలువలు. ఇది సరళాదేశం. ప్రథమా విభక్తి మీద వస్తే గ స డ ద వ లు అవుతాయి. వాడు, కొట్టె కలిస్తే వాడుగొట్టె. ద్వంద్వ సమాసంలో కూడా అంతే. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయలు.

ఇప్పుడు సిందారిన్. 'ఆ' అనో 'మరియు' అనో అర్థమిచ్చే చిన్న మాట ముందు వస్తే, లేదా రెండు మాటలు సమాసంగా కలిస్తే, రెండో మాట మొదటి హల్లు మెత్తబడుతుంది. ప అయితే బ, త అయితే ద, క అయితే గ. పెర్‌హాయెల్ అని ఒక పేరు ఉంది, 'మరియు' చేరగానే బెర్‌హాయెల్ అవుతుంది. కలద్ అంటే వెలుగు. గిల్ అంటే నక్షత్రం. రెండూ కలిసి ఒక రాజు పేరైంది, గిల్-గలద్. కూర పక్కకు రాగానే 'కాయ' కాస్తా 'గాయ' అయినట్టే 'కలద్' కాస్తా 'గలద్' అయింది. అంతటితో ఆగదు. మ అయితే వ అవుతుంది. మోర్న్ అంటే నల్లని, చీకటైన. ఎరిన్ అంటే అడవి. ఆ కథ మ్యాపులో ఒక నల్ల అడవి పేరు ఎరిన్ వోర్న్. ఇది చూసి మేము పడీ పడీ నవ్వాం. ఎందుకంటే మామయ్యను మావయ్య అనేది, మామిడికాయను మావిడికాయ అనేది మన తెలుగోళ్ళే కదా! ఇంగ్లండులో కూర్చున్న ప్రొఫెసరు మన మావిడికాయ నియమాన్ని ఎల్ఫుల నోట్లో పెట్టాడు.

ఆయన తెలుగు చూసి రాశాడని మేం అనట్లేదు, దయచేసి అట్ల షేర్ చేయకండి. ఆయన చూసింది వెల్ష్. చిన్నప్పుడు బొగ్గు బండ్ల మీద వెల్ష్ ఊర్ల పేర్లు కనబడితే ఆ అక్షరాలకే మనసు పడ్డాడంట. 1955లో ఆక్స్‌ఫర్డ్‌లో వెల్ష్ మీదనే ప్రసంగం ఇచ్చాడు. ఆ భాషలో పిల్లిని కాథ్ అంటారు, 'ఆ పిల్లి' అనాలంటే గాథ్ అయిపోతుంది. తోట గార్ద్, 'ఆ తోట' అనగానే మొదటి గ మొత్తానికే మాయమై ఆర్ద్ మిగులుతుంది. వాళ్ళ దేశం పేరు కమ్రి. సరిహద్దు దాటగానే స్వాగతం బోర్డు మీద అదే పేరు గమ్రి అని ఉంటుంది. సొంత దేశం పేరు మొదటి అక్షరమే సందర్భాన్ని బట్టి మారుతుంది, అయినా అక్కడ ఎవడికీ సిగ్గు లేదు.

మరి ఒకదానికొకటి సంబంధం లేని భాషల్లో ఒకటే పని ఎట్ల జరిగింది? దీనికి పుస్తకం అక్కర్లేదు, గొంతు మీద చెయ్యి చాలు. రెండు వేళ్ళు గొంతు ముడి మీద పెట్టుకొని 'ఆ' అనండి, కంపనం తెలుస్తుంది. లోపల స్వరతంత్రులు ఊగుతున్నాయి. ఇప్పుడు 'త్' మాత్రమే అనండి, అచ్చు కలపకుండా. కంపనం ఉండదు. 'ద్' అనండి, ఉంటుంది. నాలుక రెండింటికీ ఒక్క చోటనే, పళ్ళ వెనకాలనే తగులుతుంది. తేడా అంతా గొంతులో ఉంది. భాషాశాస్త్రంలో మొదటిది శ్వాసం, రెండోది నాదం. ఇప్పుడు 'అన్నతమ్ములు' అనండి. అన్న చివరి అచ్చుకు గొంతు మోగుతుంది, 'త' దగ్గర ఆగాలి, మళ్ళీ తర్వాతి అచ్చుకు మోగాలి. ఆగకుండా మోగనిస్తే? అన్నదమ్ములు. అంతే. మధ్యలో స్విచ్చు ఆపి మళ్ళీ వేసే బదులు అట్లనే ఉంచేశారు. న, మ లాంటి ముక్కు ధ్వనులకు కూడా గొంతు మోగుతుంది గనుక వాటి తర్వాత కూడా ఇదే జరుగుతుంది.

దీన్ని బద్ధకం అంటారు కొందరు. బద్ధకమైతే ఇష్టమొచ్చినప్పుడు జరగాలి. ఇది లెక్క ప్రకారం జరుగుతుంది. వెల్ష్‌లో 'అతని', 'ఆమె' అనే మాటలు రెండూ పలకడానికి ఒక్కటే. 'అతని పిల్లి' అయితే గాథ్. 'ఆమె పిల్లి' అయితే గొంతు గీరుకునే ఒకరకం ఖ తో ఖాథ్. అంటే పిల్లి ఆయనదా ఆమెదా అనేది ఆ ఒక్క హల్లే చెప్తుంది. అర్థం మోసే పనిని బద్ధకం అని ఎట్ల అంటాం?

ఇంకో తమాషా. మార్పును పుట్టించిన ధ్వని పోయినా మార్పు మిగిలిపోతుంది. వెల్ష్‌లో ఒకప్పుడు ముందు మాట చివర అచ్చు ఉండేది, అది ఎన్నడో రాలిపోయింది, పక్క మాటలోని గ మాత్రం గ గానే ఉండిపోయింది. తెలుగులో పూచెను లోని నకారం రాలి పూచెఁ అయినా, గలువలు గలువలే. మనిషి వెళ్ళిపోయినా కుర్చీలో వెచ్చదనం ఉన్నట్టు.

మాకు నిద్ర పట్టకుండా చేసింది మాత్రం మూడు అనే అంకె. పాత తెలుగు పుస్తకాల్లో మూఁడు అని మధ్యలో అరసున్న పెట్టి రాసేవాళ్ళు. అరసున్న ఎందుకు అంటే ఒకప్పుడు అక్కడ ముక్కు ధ్వని ఉండేది, అది పోయింది. తమిళంలో ఆ ముక్కు ధ్వని రాతలో ఇప్పటికీ ఉంది. మరి మనం గోండిలో ఎట్ల లెక్కబెడతాం? ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్, సారుంగ్. మూండ్! తెలుగు పోగొట్టుకొని గుర్తుగా అరసున్న పెట్టుకున్న ధ్వని, ఆ గుర్తు కూడా అచ్చు పుస్తకాల్లోంచి ఎత్తేసిన ధ్వని, మా అవ్వ మేకలు లెక్కబెట్టేటప్పుడు రోజూ పలుకుతుంది. అవ్వ బడి మెట్టు ఎక్కలేదు. సయ్యుంగ్, సారుంగ్ సంగతీ చూడండి. తెలుగులో ఐదు, ఆరు అచ్చుతో మొదలవుతాయి. మన దాంట్లో ముందు ఒక స ఉంది. పాత ద్రావిడంలో ఐదుకు, ఆరుకు ముందు ఒక చకారం ఉండేదనే లెక్కకు ఇట్లాంటి మాటలే సాక్ష్యం. "మీది తెలుగే, వంకర తెలుగు" అని మొహం మీద అన్నవాళ్ళు మాకు చాలామంది తగిలారు. వంకర ఎక్కడుందో మూడు వరకు లెక్కబెట్టి చూపించొచ్చు.

ఇట్ల పక్కపక్కన పెట్టి పోల్చే పని భద్రిరాజు కృష్ణమూర్తి గారు జీవితమంతా చేశారు. అరకు వైపు కొండదొరల కూబి భాష మీద ఆయన రాసిన వ్యాకరణం 1969లో హైదరాబాదు నుంచి వచ్చింది. అంతకు వందేళ్ళ ముందే, 1856లో, కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల పోలిక రాస్తూ ఈ శ్వాస నాదాల మార్పిడినే ఒక నియమంగా చెప్పాడు. మాట మొదట్లో శ్వాసం, అచ్చుల మధ్య, ముక్కు ధ్వని తర్వాత నాదం. అందుకే తమిళ లిపిలో ప కు, బ కు ఒకటే అక్షరం సరిపోతుంది. పాము అనే మాటను 'ప' అక్షరమే రెండుసార్లు వేసి రాస్తారు, చదివేది మాత్రం పాంబు. ఎక్కడ ప, ఎక్కడ బ అనేది చోటే చెప్పేస్తుంది.

టోల్కీన్ క్వెన్యా సరిగ్గా ఇట్లాంటిదే. అందులో బ, ద, గ లు విడిగా రావు. ముక్కు ధ్వనితోనో, ర, ల ల తర్వాతనో మాత్రమే వస్తాయి. ఆండో అంటే ద్వారం, ఉంబర్ అంటే విధి, ఆంగా అంటే ఇనుము. చెల్లెలు భాష సిందారిన్‌లో మాత్రం అచ్చుల మధ్య శ్వాసాలన్నీ నాదాలయ్యాయి. మనిషిని క్వెన్యాలో అతన్ అంటే సిందారిన్‌లో అదన్. ఏది కరెక్టు? రెండూ కరెక్టే, రెండిళ్ళ రెండు దారులు. మా రూములో రోన్, లోన్ కొట్లాట ఆ రోజుతో బంద్ అయింది.

ఈ భాషలకు ఆయన లిపి కూడా చేశాడు, తెంగ్వార్ అంటారు. త అక్షరానికి ఒక నిలువు గీత, ఒక వంపు. ఆ వంపు రెండు చేస్తే ద. ప కు వంపు రెట్టిస్తే బ. అంటే గొంతు మోగడం అనే సంగతినే గీతగా గీశాడు. మన క గ చ జ లలో వర్గాల వరుస ఉంది కానీ, క ను చూసి గ ఎట్ల ఉంటుందో ఊహించలేం. అయితే మన గుంజాల గోండి లిపి ఇంకో దారి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊర్లో రాతప్రతులు దొరికిన ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. ఆ పట్టికలో హల్లులు క తో మొదలవ్వవు. య, వ, బ అని మొదలవుతాయి. ఎందుకా వరుస, మాకు మాత్రం అది చూస్తేనే గర్వంగా ఉంటుంది, ఎవరి పట్టికనో కాపీ కొట్టలేదని.

ఇప్పుడు అసలు విషయం. ఇదంతా సరదాకు రాయలేదు.

మాలో ఒకడి ఇంటిపేరు దుర్వ. పదో తరగతి మెమోలో దుర్వ. కుల ధ్రువీకరణ పత్రంలో ధుర్వ. ఒక్క ఒత్తు తేడా. స్కాలర్‌షిప్ ఫైలు ఆ ఒత్తు దగ్గర ఏడు నెలలు ఆగింది. ఇద్దరూ వేరు వేరు మనుషులు కాదని నోటరీ చేయించి తెమ్మన్నారు. ఆఫీసులో అడిగిన ప్రశ్న, "మీ ఇంట్లో ఒత్తి పలుకుతారా, మామూలుగా పలుకుతారా?" వాళ్ళ తాతకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాం. తాత మూడుసార్లు చెప్పాడు. ఒకాయన 'ద' విన్నాడు, పక్క కుర్చీ ఆయన 'ధ' విన్నాడు. తాత మాత్రం మూడుసార్లూ ఒక్కటే చెప్పాడు. మన సొంత మాటల్లో ఒత్తక్షరం పని చాలా తక్కువ, ఎక్కువగా మరాఠీ, హిందీ నుంచి వచ్చిన మాటల్లోనే కనిపిస్తుంది. లేని తేడాను తాత ఎక్కడినుంచి తెచ్చి చూపిస్తాడు?

తెలుగులో మాత్రం ఉందా? చిన్నయ సూరి తన వ్యాకరణంలో సంస్కృతానికి యాభై, ప్రాకృతానికి నలభై, తెలుగుకు ముప్ఫై ఆరు అక్షరాలు అని లెక్క కట్టాడు. ఆ ముప్ఫై ఆరులో ఖ ఘ ధ భ లు లేవు. అంటే తెలుగు వ్యాకరణం ప్రకారమే అచ్చ తెలుగు నోటికి ఒత్తు లేదు. అయినా క్లాసులో 'బారతదేశం' అన్నాడని లేపి నిలబెట్టేది మన పిల్లవాణ్ణే. పట్నం పిల్లవాడు అదే అంటే ఎవరికీ వినబడదు. 'ఏడికి వోతున్నవ్' అంటే నవ్వుతారు. ప్రథమ తర్వాత ప కు వ వచ్చే గసడదవాదేశం పుస్తకంలో సూత్రం, అదే ప వ అయ్యే మార్పు తెలంగాణ నోట్లో పల్లెటూరితనం. 'సెల్లె' అంటే మొరటు. 'అక్కసెల్లెండ్రు' అని రాస్తే రెండు మార్కులు.

వెల్ష్ వాళ్ళ కథ ఈ విషయంలో మనకు దగ్గర. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి కొన్ని బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్ల మెడలో ఒక చెక్క ముక్క వేసేవాళ్ళు. ఇంకో పిల్ల వెల్ష్ మాట్లాడుతూ దొరికితే దాని మెడకు మారేది. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాళ్ళకు దెబ్బలు. పిల్లల మీద పిల్లలనే కాపలా పెట్టడమన్నమాట. మాలో ఇద్దరం చదివిన ఒక హాస్టల్లో గోండి మాటకు రూపాయి జరిమానా ఉండేది, పేర్లు రాసే డ్యూటీ మాలో ఒకడికే ఇచ్చేవాళ్ళు. చదివినప్పుడు ఎవ్వరం కాసేపు మాట్లాడలేదు. ఆ వెల్ష్‌కు ఇప్పుడు 1982 నుంచి సొంత టీవీ ఛానెల్ ఉంది, 2011 చట్టంతో అధికార హోదా ఉంది. ఆ చెక్క ముక్క చరిత్ర పుస్తకాల్లోకి పోయింది. మార్లవాయిలో 1940లలో హైమన్‌డార్ఫ్ గోండి వాచకాలు నాగరి లిపిలో వేయించి బడి నడిపిన సంగతి మనలో చాలామందికి తెలుసు. తర్వాత అది ఎందుకు ఆగిపోయిందనేది ఇంకో పోస్టు.

ఈ సెలవుల్లో మా ఊర్ల చిన్న పిల్లలకోసం గోండి మాటల పట్టిక ఒకటి చేస్తున్నాం. ఆరు వందల మాటలు దాటాయి. ఎట్ల రాయాలి అనే దగ్గర రూములో మళ్ళీ కొట్లాట మొదలైంది. ఒకడు విన్నది విన్నట్టు రాద్దాం అంటాడు. ఇంకొకడు అసలు రూపం ఒకటే రాయాలి అంటాడు. వెల్ష్ నిఘంటువులో గాథ్ వెతికితే దొరకదు, కాథ్ దగ్గరికి పోవాలి, ఆ నియమం పిల్లలకు ముందే నేర్పుతారు. తెలుగులో కూడా దమ్ముడు అని వెతికితే ఏముంటుంది? కాబట్టి మేము తీసుకున్న నిర్ణయం ఇది. మాట విడిగా పలికినప్పటి రూపం పట్టికలో పెద్ద అక్షరాల్లో. ఇంకో మాటతో కలిసినప్పుడు హల్లు మారితే, ఆ మారిన రూపం, ఆ పూర్తి వాక్యం, పక్కన. అరువు మాట కాకపోతే ఒత్తు పెట్టం. ఇంటిపేర్లకు మాత్రం, ఆఫీసుల భయానికి, కాగితాల్లో ఉన్నట్టే రాస్తాం. దీని మీద కోయ తమ్ముడికి ఇంకా కోపంగానే ఉంది, కాగితాలు మన నోటిని బట్టి మారాలి గానీ మన నోరు కాగితాన్ని బట్టి ఎందుకు మారాలి అంటాడు. అన్నది నిజమే, కానీ పట్టిక వల్ల ఇంకో పిల్లవాడి స్కాలర్‌షిప్ ఆగితే ఎవరు తిరుగుతారు?

మీ సాయం కావాల్సింది ఇక్కడ. మీ ఇంట్లో, అమ్మ, నాన్న, అవ్వ మాట్లాడుతుంటే వినండి. ఒకే మాట విడిగా ఉన్నప్పుడు ఒక హల్లుతో, ఇంకో మాట పక్కన ఇంకో హల్లుతో వినబడితే ఆ వాక్యం మొత్తం వాయిస్ రికార్డు చేసి పంపండి. రాసి పంపకండి, రాసేటప్పుడు మన చెయ్యి తెలుగు బడిలో నేర్చుకున్నట్టు దిద్దేస్తుంది. ఊరు పేరు, మాట్లాడినవాళ్ళ వయసు చెప్పండి చాలు, పేర్లు వద్దు. కోయ, కొలామి, కువి, కూబి ఏదైనా సరే. కొలామి నుంచి ఇప్పటిదాకా ఒక్క రికార్డింగ్ కూడా రాలేదు. నాయక్‌పోడు అన్న ఒకాయన పంపుతా అన్నాడు, ఇంకా పంపలేదు, దాదా, చదువుతుంటే ఇది మీకే.